చెల్లని సెలవు చీటీ

ఏకాంబరం అయ్యవారి హాజరుపట్టీలో ఒక్క దిద్దుబాటు కనబడదని పూతలపట్టు నుంచి ఐరాల దాకా ఉన్న బళ్లన్నిటికీ తెలుసు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఇరవై రెండు పట్టీలు. ఎక్కడా గీరింది లేదు, సిరా మరక పడింది లేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్లు ఆ పట్టీని పక్క ఊళ్ల అయ్యవార్లకు చూపించి, "పట్టీ అంటే ఇట్లుండాలయ్యా" అని వాళ్లను తిట్టేవాళ్లు. అట్లా తిట్టిన రోజు తన మొగుడు రెండు ముద్దలు ఎక్కువ తింటాడని రుక్మిణమ్మ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది. నవ్వితే నవ్వింది గానీ, మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి కదా! ఆయనకు పొలమా, పుట్రా? కడుపున ఒక కాయ కాసిందా? ఉన్నదల్లా ఆ పట్టీ ఒక్కటే.

ఆయన బల్ల మీద రెండు సిరాబుడ్లు ఉండేవి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నాగా పెట్టిన పిల్ల నాయన సంతకంతోనో వేలిముద్రతోనో సెలవు చీటీ తెస్తే నీలం గుర్తు. చీటీ లేకపోతే ఎర్రగుర్తు. నీలానికి శిక్ష లేదు. ఎరుపుకు రెండు బెత్తం దెబ్బలు. ఎర్రగుర్తులు పదిహేను పడ్డాయంటే పేరు మీద ఎర్రగీత పడుతుంది. ఇక ఆ ఏడాదికి ఆ పిల్ల చదువుకు నీళ్లొదులుకోవలసిందే.

చీటీలో రాసుకునే కారణాలు కూడా ఆయన దగ్గర రెండే చెల్లేవి. ఒకటి జ్వరం, రెండు ఇంట్లో చావు. పెళ్లికి పోయామంటే కుదరదు. కలుపు తీయను పోయామంటే అసలే కుదరదు. "పనికి పోయేవాడు పనికే పోవాల, బడికొచ్చేవాడు బడికే రావాల. రెండు పడవల మీద కాళ్లు పెడితే నడిమధ్య మునిగిపోతారు" అనేవాడు.

ఇంత నిక్కచ్చి మనిషీ ఒక్కచోట మెత్తబడేవాడు. అది కొండ. తిరుపతికి రెండు గంటల బస్సు దూరంలో ఉన్న ఊరాయె. ఏ ఇంట్లో ఏ మొక్కు ఉన్నా పిల్లల్ని వెంటబెట్టుకుని కొండెక్కాల్సిందే. నాలుగు రోజులు నాగా పెట్టి, నున్నటి గుండు మీద చందనం పూసుకుని బడికొచ్చిన వాణ్ణి అయ్యవారు చీటీ అడిగేవాడు కాదు. దగ్గరికి పిలిచి, గుండు నిమిరి, "ఏడుకొండలవాడే సంతకం పెట్టి పంపించినాక ఇంగ మీ నాయన సంతకం ఎందుకురా!" అని నీలం గుర్తు వేసేవాడు. పిల్లలంతా గొల్లుమనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ఆయన బడిలో నవ్వేది అప్పుడే. పోనుపోను గుండుకు చీటీ అక్కర్లేదన్నది ఆ బడిలో చట్టమైపోయింది.

ఆయన చిన్నప్పటి సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. వాళ్ల నాయన చిత్తూరులో ఒక జౌళి అంగట్లో గుమాస్తా. ఆయన చనిపోయేనాటికి ఏకాంబరానికి తొమ్మిదేళ్లు. కర్మాంతరాలు అయ్యాక బడికి పోతే, చీటీ ఏదిరా అన్నాడు అప్పటి అయ్యవారు. "నాయన సచ్చిపోయినాడు సార్, చీటీ ఎవురు రాస్తారు?" అన్నాడు పిల్లవాడు. చీటీ లేనందుకు రెండు, ఎదురు మాట్లాడినందుకు ఇంకో రెండు పడ్డాయి. ఆ దెబ్బలు మరిచిపోయాడా అంటే, ఎక్కడ! రుక్మిణమ్మకు పదిసార్లు చెప్పి ఉంటాడు. అయినా లోకం తీరే అంత. అత్త చేత వాతలు పెట్టించుకున్న కోడలే, అత్తయ్యాక వాతలు పెడుతుంది.

డెబ్బై మూడులో ఏడో తరగతికి ఎస్తేరు అనే పిల్ల వచ్చింది. ఊరి చివర క్రైస్తవుల పేటలో ప్రేమానందం, అలివేలమ్మల పెద్దబిడ్డ. చెరుకు గానుగలు ఆడే కాలంలో తండ్రి పెనం దగ్గర నిలబడి బెల్లం వండుతాడు. తల్లి రసం పిండేసిన చెరుకు పిప్పిని ఎండబెట్టి, మోసుకొచ్చి పొయ్యికి అందిస్తుంది. ఆ ఇంటి మొత్తానికి అక్షరం ముక్క వచ్చింది ఎస్తేరుకే. వచ్చిందంటే ఊరికే వచ్చిందా? ముత్యాలు గుచ్చినట్టుండే రాత. బోర్డు మీద తేదీ, మంచిమాట అయ్యవారు ఆ పిల్లచేతే రాయించేవాడు.

ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష పాసైతే చిత్తూరులో బోర్డింగు స్కూల్లో చేర్పిస్తానని వాళ్ల పాస్టరు మాటిచ్చి ఉన్నాడు. ఇక ఆ పిల్లకు పడుకున్నా లేచినా అదే ధ్యాస. "నేనూ టీచరమ్మ అయితా సార్. మీ మాదిరే రెండు బుడ్లు పెట్టుకుంటా" అని ఒకసారి ఆయనతోనే అనింది. ఆ మాటకు ఆయన ఎంత పొంగిపోయాడంటే, ఇంటికి పోయి భార్యకు చెప్పిందాకా ఉండలేకపోయాడు.

ఆ ముత్యాల రాతే ఆ పిల్ల కొంప ముంచింది. కార్తీకమాసంలో ఒక్క నెలలోనే తొమ్మిది సెలవు చీటీలు వచ్చాయి. తొమ్మిదింటిలోనూ జ్వరమే. తొమ్మిదింటిలోనూ అవే అక్షరాలు. చదువురాని ఇళ్ల పిల్లలంతా ఎస్తేరు దగ్గర రాయించుకుని ఇంట్లో వేలిముద్ర వేయించుకొస్తున్నారు. కొందరు ఘనులైతే ఆ వేలిముద్ర కూడా తమదే వేసుకున్నారు. రాసిపెట్టినందుకు ఎస్తేరుకు ముట్టింది ఒకరి దగ్గర చింతకాయ, ఇంకొకరి దగ్గర అరముక్క బలపం. అయ్యవారు తొమ్మిది చీటీలనూ బల్ల మీద పరిచి చూసుకున్నాడు. ఆ పిల్లను కొట్టలేదు గానీ, అందరి ముందూ తీర్పు చెప్పాడు.

"ఇంగ మీదట ఈ పాప రాసిన చీటీ ఎవురు తెచ్చినా చెల్లదు. ఈ పాపదే అయినా చెల్లదు. ఇన్నారా?"

ఎస్తేరు తల వంచుకుని సరేనంది. తప్పు చేశానని దానికీ తెలుసు. కానీ ఆ తీర్పు వచ్చి తన మెడకే చుట్టుకుంటుందని దానికేం తెలుసు, పాపం!

జనవరి వచ్చేసరికి గానుగలు జోరందుకున్నాయి. సరిగ్గా అప్పుడే అలివేలమ్మకు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టింది. గానుగ దగ్గర పని ఆలుమగలకు జతగా ఇస్తారు. ఒకరు పడిపోతే రెండోవాళ్లకూ పని ఉండదు, ఇంకో జత వచ్చి చేరుతుంది. ఆ నాలుగు నెలల పని పోయిందంటే ఆ ఇంట్లో ఏడాదంతా పొయ్యిలో పిల్లి లేవదు. అందుకని తల్లికి బదులు ఎస్తేరు పిప్పి మోయడానికి పోయింది. మూడోరోజు పక్కింటి పిల్ల చేత అయ్యవారికి చీటీ వచ్చింది.

"అయ్యవారికి నమస్కారములు. మా అమ్మకు పచ్చకామెర్లు. అమ్మకు బదులు నేను గానుగ కాడ పిప్పి మోసేదానికి పోతా ఉన్నాను. అమ్మ లేచినాక వస్తాను. దయచేసి నా పేరు తీసెయ్యవద్దు. ఆడ కూడా చదువుకుంటా ఉన్నాను." కింద ప్రేమానందం వేలిముద్ర. పాకం అంటిన వేలు కాబోలు, కాగితం ఆ చోట జిగటగా ఉంది.

అయ్యవారు ఆ చీటీని రెండుసార్లు చదివాడు. అందులో ప్రతి అక్షరం నిజమని ఆయనకు తెలుసు. అబద్ధమాడేదే అయితే జ్వరమని ఒక్క మాట రాసేసి ఊరుకునేది కాదా? ఆ మాట తొమ్మిదిసార్లు రాసిన చెయ్యే కదా అది! ఆ తరువాత బతికినన్నాళ్లూ ఆయనను కాల్చుకు తిన్నది ఈ సంగతే. తెలియక చేశాను అనుకోవడానికి కూడా లేకుండా పోయింది. చెల్లదని అందరి ముందు అన్నాక చెల్లుతుందని ఎట్లా అనడం? పైగా పనికి పోవడం ఆయన ఒప్పుకునే కారణం కాదాయె. చీటీని సొరుగులో పడేసి, ఎర్రబుడ్డి మూత తీశాడు.

పదిహేడు ఎర్రగుర్తులు పడ్డాక ఒక శుక్రవారం, పిప్పి మోయడానికి పక్కింటామెను బదులు పెట్టి, ఎస్తేరు వచ్చింది. రూలు ప్రకారం రెండు రోజుల ముందే పేరు మీద గీత పడాలి. చెయ్యి ఆడక ఆయన ఆపి ఉంచాడు. ఆ మాత్రం మనసుంది, లేదనకూడదు. పిల్ల మోచేతుల నిండా పిప్పి గీరుకున్న గాట్లు.

"యాడికి పోయినావు పాపా ఇన్నాళ్లు?"

"చీటీ పంపించినా గదా సార్."

"నీ చీటీ చెల్లదని చెప్పినా గదా. మీ నాయనను పిలుచుకోని రా. ఆయన నా ఎదర నిలబడి చెప్పాల. మంగళవారం పరీక్ష పేర్లు చిత్తూరికి పంపిస్తా ఉండా. సోమవారం లోపల ఆయన రాకపోతే నీ పేరు తీసేస్తా. ఆమీదట నన్ను అనుకుని లాభంలేదు."

"పెనం పొయ్యి మీద ఉంటే నాయన కదిలేదానికి లేదు సార్. పాకం మాడిపోతాది. ఆదివారం గూడా గానుగ ఆడతా ఉండాది."

"అదంతా నాకు తెలీదు."

ఎస్తేరు వరండాలో తలుపు పక్కన కూర్చుంది. చీటీ లేని పిల్లలు కూర్చునే చోటు అది. మర్నాడు శనివారం కూడా అక్కడే కూర్చుంది. ఆ పొద్దే, ఎనిమిది రోజులు నాగా పెట్టిన ధనంజయ బడికొచ్చాడు. వాడు పంచాయతీ ప్రెసిడెంటు కొడుకు. అయ్యవారు కాపురముండేది కూడా ఆ ప్రెసిడెంటు ఇంట్లోనే. నున్నటి గుండు, దాని మీద చందనం. అయ్యవారు దగ్గరికి పిలిచి గుండు నిమిరాడు. ఏడుకొండలవాడి సంతకం మాట ఎప్పటిలాగే అన్నాడు, పిల్లలు ఎప్పటిలాగే గొల్లుమన్నారు. పట్టీలో వరసగా ఎనిమిది నీలం గుర్తులు పడ్డాయి. వరండాలో కూర్చున్న ఎస్తేరు ఇదంతా కన్నార్పకుండా చూసింది.

ఆదివారం గడ్డం గీయడానికి మునెయ్య వచ్చాడు. ఊరి మంగలి. చేతికంటే నోరు ఎక్కువ ఆడే మనిషి.

"ప్రెసిడెంటు కొడుక్కి నీలం వేసినారంట గదా సామీ?" అన్నాడు నురగ పూస్తూ. "వాడు కొండకు పోయిందెప్పుడు! పూతలపట్టులో మేనమామ ఇంట్లో కూసోని దినామూ టెంటు సినిమాలు సూసినాడు. నిన్న తెల్లారి వచ్చి నా అరుగు మీదనే గుండు గీయించుకున్నాడు. చందనం గూడా మా ఇంట్లోదే. మీ బళ్లో గుండుకు చీటీ అక్కర్లేదంట గదా! ఈ యేడు ఇట్లాటి గుండ్లు ఆరు గీసినాను నేను" అని పకపకా నవ్వాడు.

ఏకాంబరానికి ఒళ్లు మండిపోయింది. ఊరంతా తనను వెర్రివాణ్ణి చేసి ఆడిస్తున్నారన్నమాట! ధనంజయ ఎనిమిది నీలం గుర్తులనూ ఎరుపు చేయాలి. చేస్తే ప్రెసిడెంటు ఊరుకుంటాడా? ఇల్లు ఖాళీ చేయమంటాడు. పైగా పట్టీలో దిద్దుబాటు పడుతుంది. ఆ కోపాన్ని అట్లాగే మింగేశాడు. మింగిన కోపం అరగదు, ఎవరి మీదనో ఒకరి మీద కక్కేదాకా ఊరుకోదు.

సోమవారం బడి గంట కొట్టేసరికి ఎస్తేరు గుండుతో వచ్చింది.

రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకునే పిల్ల. తల మీద ఒక్క వెంట్రుక లేదు. చేయి తిరిగిన మంగలి గీసిన గుండు కాదది. అక్కడక్కడా తెగి, నెత్తురు అట్టకట్టి ఉంది. చందనం లేదు, ఏమీ లేదు. నేరుగా అయ్యవారి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నిమురుతాడని తల కాస్త ముందుకు వంచింది కూడా.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ధనంజయ మీద పడాల్సిందంతా ఆ పిల్ల మీద పడింది.

"ఏమ్మే! యేసుప్రభువు ఎప్పుటినుంచి గుండ్లు మొక్కించుకుంటా ఉండాడు? మీ చర్చి కాడ గూడా కల్యాణకట్ట కట్టినారా?"

తరగతి తరగతంతా విరగబడి నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది ధనంజయ. వాడి గుండు మెరుస్తూనే ఉంది.

"గుండుకు చీటీ అక్కర్లేదంటిరి గదా సార్" అనింది ఎస్తేరు.

"నోర్ముయ్! దేవునితో ఎకసెక్కాలా? నాతో ఎకసెక్కాలా? పో బయటికి!" అని, ఆ పిల్ల చూస్తుండగానే పట్టీ తెరిచి, పేరు మీద ఎర్రగీత గీశాడు.

ఎస్తేరు ఏడవలేదు. పుస్తకాల సంచి గుండు మీద కప్పుకుని, వరండా మెట్లు దిగి పోయింది. ఆ బడి గుమ్మం మళ్లీ తొక్కలేదు.

మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక ప్రేమానందం పరుగున వచ్చాడు. ముంజేతుల దాకా పాకం తెట్టు ఎండిపోయి ఉంది. పెనం ఇంకెవరికో అప్పగించి వచ్చాడంటే, సాయంత్రానికి ఆ పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నేనే వచ్చినాను సార్. మీ ఎదర నిలబడినాను. పేరు తీసెయ్యబాకండి" అన్నాడు రొప్పుతూ. "మా ఇంటిదానికి కామెర్లు సార్. బిడ్డను పిప్పికి తోలింది నేనే. అది సదువుకుంటా పిప్పి మోసింది సార్. కట్ట మీద పుస్తకం పెట్టుకోని..."

"గుండు సంగతేంది? ఎవురు గీసినారు?"

"నేనే సార్. మా పేటకు మంగలాయన రాడు గదా. నా సేత్తోనే గీసినా." ప్రేమానందం తన చేతుల వైపు చూసుకున్నాడు. "మా ఇండ్లల్లో గుండు కొట్టించుకునేది లేదు సార్. పాస్టరయ్య అరుస్తాడమ్మా అన్నా. నాయనా, సారు గుండు జూస్తే నీలం వేస్తాడు, నువ్వు పని ఇడిసిపెట్టి రానక్కర్లేదు అనింది. జుట్టుదేముంది, మళ్లా వస్తాది, పరీక్ష మళ్లా రాదు అనింది. అది అంత జెప్పినాక ఏం జేసేది సార్?"

పేర్ల జాబితా ఇంకా బల్ల మీదే ఉంది, పోయేది మర్నాడు. ఒక్క గీత గీరేస్తే, ఒక్క పేరు చేరిస్తే సరిపోయేది. ఆ క్షణాన ఆయన చూపు ఆ పిల్ల తండ్రి ముఖం మీద నిలిచి ఉంటే ఏమయ్యేదో! అది పోయి పట్టీ మీద పడింది. ఇరవై రెండేళ్లుగా దిద్దుబాటు ఎరగని పట్టీ.

"గీసింది గీసినట్టే ప్రేమానందం. పట్టీలో దిద్దేదానికి లేదు. వచ్చే యేడు మళ్లా చేర్పించు, నేనే దగ్గరుండి సదివిస్తా" అన్నాడు.

ప్రేమానందం దండం పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

మంగళవారం జాబితా చిత్తూరుకు పోయింది. బుధవారం పొద్దున అన్నం ముందు కూర్చుని, ముద్ద దిగక, జరిగిందంతా రుక్మిణమ్మకు చెప్పాడు. ఆమె మజ్జిగ పోస్తూ ఒక్క మాట అడిగింది.

"మీ నాయన పోయినప్పుడు మీకు చీటీ ఎవురు రాసిచ్చినారు?"

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. బడికి పోయి, బ్లేడు ముక్కతో ఎస్తేరు పేరు మీది గీత గీకేశాడు. పదిహేడు ఎర్రగుర్తులూ గీకి నీలం పెట్టాడు. గీకిన చోట కాగితం పలచబడి, ఒకచోట చిల్లు కూడా పడింది. ఆ మధ్యాహ్నం బస్సుకే చిత్తూరుకు పోయి, పరీక్షల ఆఫీసులో తనకంటే పదేళ్లు చిన్నవాడైన గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఒక పేరు పొరపాటున వదిలేశానని బతిమాలి చేర్పించుకొచ్చాడు. బతుకులో ఎవరినీ బతిమాలని మనిషి!

అప్పుడైనా నేరుగా పేటకు పోయి ఆ పిల్లను పిలుచుకురావచ్చు కదా? పోలేదు. ముఖం చెల్లలేదు. మార్చిలో హాల్ టికెట్టు వస్తుంది, అది చేతిలో పెట్టుకుని పోతే మాట్లాడడానికి ఒక దారి ఉంటుందనుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. హాల్ టికెట్టు జేబులో పెట్టుకుని ఆయన పేటకు పోయిన రోజున, ప్రేమానందం గుడిసెకు తడిక కట్టేసి ఉంది. అలివేలమ్మకు బాగా ముదిరితే తిరుపతి ఆస్పత్రికి ఎత్తుకుపోయారని, గానుగ పనీ పోయింది కాబట్టి అటునుంచి అటే రేణిగుంటలో మూటలు మోసే పనికి కుదిరారని పక్కింటివాళ్లు చెప్పారు.

మూడు ఆదివారాలు రేణిగుంటకు పోయాడు. గూడ్సు షెడ్డు దగ్గర, రైలు గేటు దగ్గర, కనబడ్డ కూలివాళ్లనల్లా ప్రేమానందం తెలుసా అని అడిగాడు. "ఏ ప్రేమానందమప్పా? ఈడ శానామంది ఉండారు" అన్నారు. పరీక్షనాడు ఐరాల సెంటరులో వరండా స్తంభం పక్కన నిలబడి చూశాడు. మూడో వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది. గంట కొట్టిన అరగంటకు అక్కడి అయ్యవారు ఎర్రసిరా కలంతో ఆ నంబరు ఎదుట గుర్తు పెట్టుకుంటూ పోయాడు.

ఆ తరువాత ఏకాంబరం బడిలో ఎర్రబుడ్డి ఎండిపోయింది. ఎవరు ఎన్నాళ్లు రాకపోయినా నీలమే. చీటీ అడిగేవాడు కాదు, బెత్తం ఎత్తేవాడు కాదు. గుండు చూస్తే మాత్రం ముఖం తిప్పుకునేవాడు. పిల్లలకు ఇంకేం కావాలి? తోటల వెంబడి పడ్డారు. పాత ఇన్‌స్పెక్టరు వచ్చి, "ఏమయ్యా ఏకాంబరం, పట్టీ ఇట్లా నీలంగా ఉండాదేంది? నీ పట్టీనేనా ఇది?" అని మందలించాడు. ఆయన తల వంచుకుని విన్నాడు. ఒక పిల్లకు ఇవ్వాల్సిన దయను ఊరందరికీ పంచితే ఆ పిల్లకు చేరుతుందా? చేరదని ఆయనకూ తెలుసు. అయినా ఇంకోలా ఉండడం ఆయనకు చేతకాలేదు.

రిటైరైన రెండో ఏడు, ఎనభై ఏడులో, కడపలో ఉన్న చెల్లెలిని చూడటానికి బయలుదేరి రేణిగుంటలో రైలు కోసం దిగాడు. బండి ఆలస్యమని తెలిసి, స్టేషను బయట ఇడ్లీ అంగడి బెంచీ మీద కూర్చున్నాడు. ఇడ్లీలు తెచ్చిపెట్టిన మనిషి పోకుండా నిలబడిపోయింది.

"సార్, మీరు ఏకాంబరం సార్ గదా?"

ఆయన ముందు చూసింది ముఖం కాదు, తల. నిండుగా నల్లటి జుట్టు, ముడి చుట్టుకుని ఉంది. ఆ తరువాత ముఖం చూశాడు. చేతిలో ఇడ్లీ అట్లాగే ఉండిపోయింది.

"ఎస్తేరూ! అమ్మ ఎట్లుండాది పాపా?"

"అమ్మ ఆ యేడే పోయింది సార్. నాయన బాగుండాడు. తినండి సార్, సల్లారిపోతాది."

తనకు ఇష్టమైన అయ్యవారికి వడ్డించినట్టే ఆప్యాయంగా చట్నీ పోసింది. హాల్ టికెట్టు సంగతి ఆయన నోటిదాకా వచ్చింది. అది ఇంకా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంది. చెబితే ఏమొస్తుంది? అందుకోవలసిన రోజున అందనిదాన్ని ఇప్పుడు చెప్పడమంటే, తన బరువు ఆ పిల్ల నెత్తిన దించడమే.

"నేను తప్పు చేసినాను తల్లీ" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి పదమూడేళ్లు పట్టింది.

"మీరేం జేస్తిరి సార్. రూలు రూలే గదా" అనింది ఎస్తేరు. వెటకారం లేదు, కోపం లేదు. నిజంగానే అట్లా అనుకుంటోంది. ఆయనకు అదే భరించరానిదయింది.

అంతలో ఏడెనిమిదేళ్ల పిల్ల ఒకటి పుస్తకాల సంచితో పక్క అంగడి వైపు నుంచి వచ్చింది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం చేతిలో ఉంది. కళ్లనిండా నీళ్లు.

"అమ్మా, పక్కంగడాయన ఊర్లో లేడంట. చీటీ లేకపోతే టీచరు కొడతాది." అని, బెంచీ మీది ముసలాయన జేబులో కలం చూసి ఆగింది. "తాతా, నువ్వు రాసిస్తావా? మా యమ్మకు రాయను రాదు."

ఏకాంబరం ఎస్తేరు వైపు చూశాడు. ముత్యాలు గుచ్చినట్టు రాసే పిల్ల. ఎస్తేరు ఆయన వైపు చూడలేదు. ఇడ్లీ పాత్ర మూత తీసి, ఆవిరిలోకి తొంగిచూస్తూ, "రాసియ్యండి సార్. మీ రాతయితే సెల్లుతాది" అనింది.

ఆయన కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఏమని రాసేది?"

"ఉన్నదే రాయండి సార్. నిన్న నాకు ఒళ్లు బాగలేదు. బిడ్డ అంగట్లో పనిజేసింది."

ఉన్నదే రాశాడు. రాయడం అయ్యాక కలాన్ని, కాగితాన్ని ఎస్తేరుకు అందించాడు. "సంతకం పెట్టమ్మా."

ఎస్తేరు కలం తీసుకుని క్షణం సేపు పట్టుకుంది. కూతురు పక్కనే నిలబడి చూస్తోంది. కలం పాళీని బొటనవేలికి రుద్దుకుని, కాగితం కింద వేలిముద్ర వేసి, కలాన్ని ఆయనకు తిరిగి ఇచ్చేసింది.

పిల్ల చీటీని మడిచి పుస్తకంలో దాచుకుని, కళ్లు తుడుచుకుని, బడికి పరిగెత్తింది.